ఒకే రంగు డబ్బాలు

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది, తక్కువ ఖర్చులో వంటిల్లు కొత్తగా మార్చుకోవడం ఎలాగో చెప్పేది. అందులో ఒకమ్మాయి ఒకే రకం డబ్బాలు వరసగా పేర్చి, ఒక్కోదాని మీద పేరు రాసి అంటిస్తుంటే, బాగుందా నానమ్మా అని అది అడిగింది గానీ, నేను లేచి వెళ్ళిపోయాను.

తొంభైల్లో పటమటలో అద్దెకుండేవాళ్ళం. నేను దగ్గర్లోని చిన్న ప్రైవేటు బళ్ళో ఒకటో తరగతికి చెప్పేదాన్ని, ఇంట్లో వంట మా అత్తగారిది. వంటిల్లు పొగచూరి, అడుగుపెడితేనే నీరసం వచ్చేలా ఉండేది. కొత్త అరలు చేయించే తాహతు మాకెక్కడిది? అందుకని ఒక వేసవి సెలవుల్లో, అత్తగారు కూతురింటికి వెళ్ళిన వారం చూసుకుని, నేనే గోడలకు లేత నీలం సున్నం వేసి, నా పాత మంగళగిరి చీర చింపి గట్టు కింద తెర కట్టి, హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్కన చవగ్గా దొరికిన ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలు రెండు డజన్లు మోసుకొచ్చాను. ఒకదానికొకటి పోలికలేని ఆవిడ సొట్టల రేకు డబ్బాలన్నీ పాత సామాన్లవాడికి వేసి ఉల్లిపాయలు తీసుకున్నాను. కొత్తవాటి మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసి అంటించి ఎంత మురిసిపోయానో, ఆ రోజుల్లో సంసారాలు చేసిన మీకు వేరే చెప్పక్కర్లేదు. అత్తగారు వచ్చి, చాలా బాగుందమ్మా అన్నారు.

మర్నాటి నుంచే వంట గాడి తప్పింది. పోపు రోజూ మాడేది, కాఫీలో ఉప్పు పడేది, సాయంత్రానికి ఒక డబ్బా మూత ఇంకో డబ్బా మీదుండేది. చెప్పకుండా డబ్బాలు పారేశానని నన్ను సాధిస్తున్నారేమోనని నేను లోలోపల ఉడికిపోయాను. మావారు మాత్రం ఆవిడకు మతిమరుపు మొదలైందని బెంగపెట్టుకుని, అమ్మా ఇక స్టవ్ దగ్గరికి వెళ్ళకు అని మొహం మీదే చెప్పేశారు. ఆవిడ ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నాకంతా అయోమయంగా ఉంది.

బడి తెరిచాక ఒకరోజు తలనొప్పని మధ్యాహ్నమే వచ్చేశాను. అత్తగారు వంటింట్లో డబ్బాలన్నీ నేల మీద పరుచుకుని, మూతల మీద అన్నం మెతుకు నలిపి, ఒకదానికి నాలుగు ఆవగింజలు, ఒకదానికి కందిపప్పు బద్ద అంటిస్తున్నారు. నన్ను చూసి కంగారుగా కొంగు కప్పబోయారు.

"నువ్వు రాసినవి కళ్ళకి ఆనట్లేదమ్మా," అన్నారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఆ కళ్ళజోడుతోనే రోజూ అందరికంటే ముందు పేపరు విప్పి పేజీ పేజీ తిప్పే మనిషి ఆవిడ, అందుకే కన్నకొడుక్కి కూడా అనుమానం రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

"నేనే మరీ సన్నగా రాశానండీ, తప్పు నాదే," అని పక్కన కూర్చుని ఉప్పు డబ్బాకు తెల్లదారం, పంచదార డబ్బాకు పచ్చదారం కట్టాను. మర్నాడు పోపు మళ్ళీ ఇల్లంతా ఘుమఘుమలాడింది. కళ్ళజోడు పవరు మారి ఉంటుందని మావారు సరిపెట్టుకున్నారు, స్టవ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఫోన్లే చదివి వినిపిస్తున్నాయి, చదవడం రాదని ఎవరూ దాచుకోనక్కర్లేదు. ఆ రోజు ఒక పలక తెచ్చి ముందు పెట్టి ఉంటే చిన్నబుచ్చుకునేవారో, సంతోషించేవారో నాకిప్పటికీ తేలదు. పటమటలో ఎంతమంది పిల్లల చేత అఆలు దిద్దించానో లెక్కలేదు, మా ఇంట్లో మనిషిని మాత్రం నేర్చుకుంటారా అని ఒక్కసారైనా అడగలేదు.