చిల్లుల అట్ట

పిల్లలు ఆయనకు గ్లోబు మాస్టారని పేరు పెట్టారు. బట్టతల ఒక కారణం. పాఠం చెబుతూ ఒక్కచోట నిలవకుండా గదంతా తిరగడం ఇంకో కారణం. భూగోళం చెప్పే మనిషికి ఇంతకంటే మంచి పేరు కన్నవాళ్ళు కూడా పెట్టలేరని ఆయన భార్య నవ్వేది. ఆమె దర్జీ. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మేకుకు వేలాడే టేపు, మూలన విప్పాల్సిన, బిగించాల్సిన బట్టల మూట. ఆ వీధి నుంచి బడికి పోయే పిల్లల్లో సగంమంది కొలతలు ఆమెకు కంఠతా వచ్చు.

మాస్టారి చూపు నడిమధ్యలోంచి పోవడం మొదలైంది. కంటి వెనక పొర మీద మచ్చ పడిందనీ, పక్కచూపు మిగులుతుందిగానీ మధ్యది తిరిగి రాదనీ కళ్ళ డాక్టరు చెప్పాడు. ఎదురుగా ఉన్న మనిషికి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. మ్యాపుకు అంచులు కనిపిస్తాయి, లోపలి దేశం కనిపించదు.

"ఇంట్లో ఎవరికీ చెప్పకు" అన్నారు బయటికొచ్చాక.

"ఇంట్లో నేను తప్ప ఎవరున్నారండీ?"

"అందుకే చెబుతున్నా. నీకు నువ్వు కూడా చెప్పుకోకు."

బడికి తెలిస్తే తరగతులు తీసేస్తారు. పుస్తకాల స్టోరుగదిలో కూర్చోబెడతారు. లెక్కల మాస్టారికి చెవుడొచ్చినప్పుడు అదే చేశారు. ఆయన ఏడాది తిరక్కుండానే చొక్కాలో వదులైపోయాడు; ఆ చొక్కాలు బిగించింది ఈవిడే. గ్లోబు మాస్టారికి కళ్ళు పోతాయన్న భయం కంటే నల్లబల్ల పోతుందన్న భయమే ఎక్కువ.

పాఠం చెప్పడానికి ఆయనకు కళ్ళతో పని లేదు. సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి ఎత్తకుండా తీరం మొత్తం గీసేవారు. పైగా పక్కచూపుతో ఒక లాభం కూడా ఉండేది. కిటికీ వైపు ముఖం పెట్టి రుతుపవనాల గురించి చెబుతూనే, తలుపు దగ్గరి బెంచీలో గుసగుసలాడేవాణ్ని పట్టుకునేవారు. "ఏరా, వాడి చెవిలో ఊదే గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో మాకూ చెప్పు" అనేవారు. మాస్టారికి చెవుల పక్కన కూడా కళ్ళున్నాయని పిల్లలు హడలిపోయేవారు.

చిక్కంతా పరీక్ష పేపర్లతోనే. జవాబులు భార్య చదివి వినిపిస్తే ఆయన మార్కు చెప్పేవారు. మ్యాపు ప్రశ్నకు అలా కుదరదు. ఖాళీ మ్యాపులో పిల్లలు నదినీ రేవునూ కొండనూ సరైనచోట గుర్తించారో లేదో మ్యాపు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి. ఆ ఉపాయం ఆమెదే. బట్టమీద కాగితపు నమూనా పరిచి కత్తిరించే మనిషి కదా! మ్యాపు కొలతకు ఒక అట్ట కత్తిరించింది. అప్పటికింకా భూతద్దంతో ఆయనకు కాస్త కనిపించేది. ఆయన చూపించిన ప్రతిచోటా చిల్లు పొడిచి, పక్కన పేరు రాసుకుంది. పేపరు మీద ఎడమచేతి పైమూల కలిపి అట్ట పరిస్తే చాలు. పిల్ల పెట్టిన చుక్క చిల్లులోంచి కనిపిస్తే మార్కు, కనిపించకపోతే సున్నా.

ఇక సాయంత్రం టీ తాగి ఇద్దరూ కూర్చునేవారు.

"రేవు?"

"చిల్లులో పడింది."

"కొండ?"

"పడలేదు. పాపం, వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది."

"వాకిట్లోకి వస్తే అర మార్కు వెయ్యి. అంతదూరం నడిచింది కదా."

అలా నాలుగైదు పరీక్షలు ఎవరికీ అనుమానం రాకుండా గడిచాయి. ఆ ఏడాది అర్ధసంవత్సరం పరీక్షలో మాత్రం విచిత్రం జరిగింది. వాయవ్యంలో అడిగినవన్నీ తరగతి మొత్తానికి ఒప్పు. కిందికి, కుడికి వస్తున్నకొద్దీ తప్పులు. ఆగ్నేయంలో ఒక్కరికీ ఒక్క చుక్కా చిల్లులో పడలేదు. ఆమెకు ఆశ్చర్యం వేసింది కానీ, ఒళ్ళో కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టగా ఉన్నాయి.

మాస్టారు మాత్రం కారణం వెంటనే పట్టేశారు. "ఆ పాఠం చెప్పిన వారమంతా వానలు. సగంమంది బడికే రాలేదు. వచ్చినవాళ్ళు వాననే చూశారు." మర్నాడు తరగతికి వెళ్ళి అందరినీ చెడామడా తిట్టారు. బాగా చదివే పిల్లనైతే లేపి నిలబెట్టి, "నువ్వు కూడానా?" అన్నారు. ఆగ్నేయం మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

నాలుగు రోజులకు ఆ పిల్ల తల్లి, పొట్టయిపోయిన గౌను పట్టుకుని దర్జీ దగ్గరికి వచ్చింది.

"అంచు విప్పి పొడుగు పెంచక్కా. ఇంకో మాట, ఏమనుకోకు. మీ ఆయన మా పిల్లను నిలబెట్టి తిట్టారట. మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు. పుస్తకంతో సరిచూసుకుంటే అన్నీ ఒప్పేనంటోంది. ఇదిగో పేపరు, ఆయనకు చూపించు, పొద్దున్న వచ్చి తీసుకుంటా. రేపు పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్తున్నాం."

ఆమె పేపరు అందుకుంది. అలవాటుకొద్దీ మెడలోని టేపు దానిమీద పెట్టింది. అట్ట కంటే మ్యాపు రెండు వేళ్ళు చిన్నది. ఈసారి ప్రెస్సువాళ్ళు చిన్న కాగితం మీద కొట్టారు. జానెడు గుడ్డకు కూడా కొలత తీయకుండా కత్తెర పెట్టని మనిషి, తరగతి మొత్తం మీద పెట్టేసింది.

మాస్టారు రాగానే పేపరు ఆయన చేతిలో పెట్టి చెప్పింది. ఆయన దాన్ని ఒళ్ళో పరుచుకుని, మ్యాపు అంచు చూపుడువేలితో వెతికి, జానపెట్టి కొలిచారు. బొటనవేలు కాగితం దాటి బయటికి పోయింది.

"స్కేలు మారింది" అన్నారు. "స్కేలు చూడకుండా మ్యాపు ముట్టుకోవద్దని ప్రతి ఏడాదీ మొదటిరోజు పిల్లలకు చెబుతాను. నీకు చెప్పలేదు."

"నేనొచ్చి చెప్పేస్తానండీ. మీకు జ్వరమొచ్చింది, ఈ ఒక్కసారికి నేను దిద్దానని..."

"ఒక్కసారి అంటే ఎవరు నమ్ముతారే? నేనే దిద్దాను, పొరపాటైంది అంటాను. అంతే."

మర్నాడు ఆమె కూడా వెళ్ళింది. పెద్ద మేడమ్ గదిలో ఆ పిల్ల తల్లీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ కూర్చుని ఉన్నారు.

"పొరపాటు నాదే మేడమ్. మార్కులన్నీ సరిచేస్తాను" అన్నారు మాస్టారు.

అక్కడితో అయిపోయేదే. కానీ ఆ తల్లి పేపరు ముందుకు చాచింది. "రేవు మా పిల్ల ఎక్కడ పెట్టిందో చూడండి మాస్టారూ. ఒప్పో తప్పో మీ నోటితోనే చెప్పండి."

"పేపరెందుకమ్మా? గోడమీదే చూపిస్తాను, రా" అంటూ ఆయన బీరువా పక్కనున్న పెద్ద మ్యాపు దగ్గరికి నడిచారు. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మ్యాపు. ఎక్కడ నిలబడాలో, చెయ్యి ఎంత చాచాలో ఒంటికే తెలుసు. ఠీవిగా వేలు పెట్టి, "ఇదిగో రేవు. నది ఇక్కడే కలుస్తుంది" అన్నారు.

పాత మ్యాపు చిరిగిపోతే ఆ వేసవిలోనే అదే మేకుకు కొత్తది తగిలించారు. పాతదాని కంటే చిన్నది. మాస్టారి వేలు నీలంరంగు మధ్యలో ఉంది.

ఆ తల్లి పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

"కూర్చోండి మాస్టారూ" అన్నారు పెద్ద మేడమ్. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం ఆ బడిలో ఎవరూ విని ఉండరు. ఆయన వేలు గోడమీంచి తీయకుండా కాసేపు అలాగే నిలబడ్డారు.

పిల్లల మార్కులు సరిచేశారు. వచ్చే సోమవారం నుంచి మాస్టారికి స్టోరుగది. అక్కడ చుట్టిపెట్టిన మ్యాపులు దుమ్ము దులిపి మళ్ళీ చుట్టిపెట్టడం పని. కొన్నాళ్ళు అటుగా పోయే పిల్లలు తలుపు దగ్గర ఆగి నదుల పేర్లు అడిగేవారు. తర్వాత వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు. ఆయన చొక్కాలు కూడా ఆమే బిగించింది, రెండుసార్లు. మూడోసారి బిగించాల్సిన అవసరం రాలేదు.

ఆమెకు ఇప్పటికీ గుర్తొచ్చేది స్టోరుగది కాదు. ఆ రోజు బడి నుంచి ఇంటికి నడిచిరావడం. సగందారిలో ఆయన ఆగి అడిగారు.

"నిజం చెప్పు. వేలు ఎక్కడ పెట్టాను?"

"రేవు దగ్గరేనండీ. కొంచెం పక్కగా."

"పక్కగా అంటే ఎటు?"

"కొంచెమే. తూర్పుకు."

ఆయన నాలుగడుగులు నడిచారు.

"రేవుకు తూర్పున ఏముంటుందే?"

ఆమెకు తెలుసు. ఇన్ని సాయంత్రాలు పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఎదురుగా గుంట ఉంది, చుట్టూ తిప్పి తీసుకువెళ్ళింది.