షట్టరు మీద నోటీసు

మా భూసేకరణ ఆఫీసులో ఆయన్ని అందరూ జిగురు బాబాయి అనేవాళ్ళు. రోడ్డు వెడల్పు కోసం ఎవరి స్థలం తీసుకోవాల్సి వచ్చినా, నోటీసు వెళ్ళేది ఆయన చేతుల మీదుగానే. చేతిలో మైదా జిగురు డబ్బా, చంకలో కాగితాల కట్ట. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. "పోస్టుమ్యాన్‌కి మంచినీళ్ళిస్తారు, నాకు శాపనార్థాలు పెడతారు" అని నవ్వేవాడు. నిజానికి నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఏడిస్తే చూడలేడు. ఈ ఉద్యోగానికి అంతకన్నా పనికిరాని గుణం ఇంకోటి లేదు.

నోటీసు యజమాని చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. తలుపు మూసి ఉంటే దానిమీద అంటించి, ఫోటో తీసి, చూసినవాళ్ళ చేత సాక్షి సంతకం పెట్టించాలి. ఎండలో సాక్షుల్ని వెతికే ఓపిక ఎవరికుంటుంది? బాబాయి సాయంత్రం కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. నేను టీ తాగుతూ సాక్షి సంతకాలు గీకి పారేసేవాణ్ణి. ఇరవై ఇళ్ళ ముందు నిలబడి చూసొచ్చినట్టు, కుర్చీలోంచి లేవకుండా. ఇది తప్పని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

రోడ్డు మలుపులో ఒక దర్జీ అక్క ఉండేది. ముందు కుట్టు కొట్టు, వెనక ఒక్క గది. ఆ గదిలోనే ఆమే, మంచం పట్టిన వాళ్ళమ్మా కాపురం. బాబాయి చొక్కాలు కుట్టేది ఆవిడే. సర్వే వాళ్ళు ముందువైపు చూసి 'కొట్టు' అని రాసుకుని పోయారు. కొట్టుకైతే పరిహారం ఒక్కటే వస్తుంది. కాపురం ఉన్నట్టు తేలితే దాంతోపాటు కొత్త కాలనీలో ఇల్లు కూడా ఇస్తారు. నోటీసు అందిన ముప్ఫై రోజుల్లో అభ్యంతరం రాసిస్తే మళ్ళీ వచ్చి చూస్తారు. పక్కనున్న ఇనుప సామాన్ల కొట్టాయన అలాగే రాసిచ్చి ఇల్లు తెచ్చుకున్నాడు.

అక్క రాయలేదు. నలభయ్యో రోజున మా ఆఫీసుకొచ్చింది.

"నాకసలు నోటీసే రాలేదు తమ్ముడూ. పక్కాయన చెబితే వచ్చాను" అంది.

నేను ఫైలు తీసి చూపించాను. మూసిన షట్టరు, నడిమధ్య నోటీసు, కింద నా సంతకం. ఆమె ఆ బొమ్మని చాలాసేపు చూసింది.

"ఇది మా షట్టరే. మరి నాకెందుకు కనపడలేదు?"

"గడువు దాటిపోయిందక్కా. నా చేతుల్లో ఏం లేదు" అన్నాను. ఆ మాట నాకు అలవాటే. రోజుకి నాలుగుసార్లు అనేవాణ్ణి.

ఆమె వెళ్ళాక బాబాయి నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆ మధ్యాహ్నం షట్టరు దించుకుని లోపలే ఉందిరా. మిషన్ చప్పుడు వినపడుతూనే ఉంది. కొడితే తీసేది. చేతికిస్తే ఏడుస్తుందని, నాకే ముఖం చెల్లక అంటించి వచ్చేశాను."

"అయితే ఏమైంది? బయటికొస్తే చూస్తుందిగా."

"తడి జిగురు. గంటకి షట్టరు పైకి లేపుతుంది. ఆ చుట్టలో రేకుకీ రేకుకీ మధ్య కాగితం అతుక్కుని పీలికలైపోతుంది. ముప్ఫై ఏళ్ళుగా అంటిస్తున్నాను, నాకు తెలీదంటావా?"

మర్నాడు బాబాయి ఇదంతా కాగితం మీద రాసి ఆఫీసరు ముందు పెట్టాడు. నోటీసు సరిగా అందలేదని తేలితే అక్కకి ముప్ఫై రోజులు మళ్ళీ మొదలవుతాయి. ఆయనకి ఉద్యోగం ఇంకా మూడు నెలలే ఉంది. పెన్షన్ మీదికి వస్తుందని తెలిసే రాశాడు. ఆఫీసరు చదివి నన్ను పిలిచాడు.

"లోపల మిషన్ చప్పుడు వినపడిందని ఈయన రాస్తున్నాడు. సాక్షి సంతకం నీది. నువ్వక్కడ ఉన్నావా?"

లేనంటే ఆ ఒక్క సంతకంతో పోదు. అయిదేళ్ళుగా గీకినవన్నీ లేచి కూర్చుంటాయి. బాబాయి నావైపు చూశాడు. బతిమాలినట్టు కాదు, మామూలుగానే చూశాడు.

"ఉన్నాను సార్" అన్నాను. "చప్పుడేం వినపడలేదు. లోపల ఎవరూ లేరు."

"పెద్దవాళ్ళు, పొరబడి ఉంటారు. ఇది తీసుకెళ్ళండి" అని ఆఫీసరు కాగితం వెనక్కిచ్చాడు. బాబాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి, అక్క కుట్టిన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అక్కకి కొట్టు పరిహారం వచ్చింది, ఇల్లు రాలేదు. వాళ్ళమ్మని తీసుకుని ఊరి చివర అద్దె గదికి మారిందని విన్నాను. వెళ్ళి చూడలేదు. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని పెట్టుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నానని ఇంట్లో కూడా చెప్పుకోలేదు.

బాబాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. పదవీ విరమణ రోజున జిగురు డబ్బా శుభ్రంగా కడిగి తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు.

"ఒరేయ్, ఆ అక్క షట్టరు ఏ రంగో చెప్పు" అన్నాడు.

నేను ఫైలు తీసి చూశాను. ఫైల్లో ఉన్నది నలుపు తెలుపు జిరాక్సు.