అరవై దాటితే దగ్గిన తెల్ల కారు

మొన్న మా అబ్బాయి కారులో హైదరాబాదు నుంచి సిద్దిపేటకు వస్తుంటే, ఎనభై దాటగానే బండి ఒక్క కుదుపు కుదిపి దగ్గింది. నెమ్మదిస్తే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచింది. మరునాడు షెడ్డులో మెకానిక్ చేతికి మసి అంటకుండా బండికి కంప్యూటరు వైరు తగిలించి, తెర మీద చూసి, ఇంజనుకు పెట్రోలు సరిగా అందడం లేదని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. నాకు నవ్వాగలేదు. ఇదే జబ్బు పట్టుకోవడానికి ఒకప్పుడు మేము రెండు వారాలు తలలు బద్దలు కొట్టుకున్నాం మరి. ఆ కాలపు బళ్లు నడిపినవారు మీలో ఉంటే నా గోడు మీకే అర్థమవుతుంది.

అప్పుడు నేను ఒక బట్టల దుకాణం సేటు దగ్గర డ్రైవరును, కొత్తగా పెళ్లయినవాణ్ణి. దసరా వెళ్లిన వారానికి ఆయన తెల్ల కారుకు దగ్గు మొదలైంది. పక్కనున్న నంగునూరు దాకా నింపాదిగా పోతే బాగానే ఉండేది. హైదరాబాదు తోవలో అరవై దాటించానా, కుకునూరుపల్లి వచ్చేసరికి ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయేది. కాసేపాగి తాళం తిప్పితే మళ్లీ లేచేది.

సేటు మంచివాడే కానీ, నేను పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నానని ఎవరో ఆయన చెవిన వేశారు. "నిజం చెప్పు, ఏం కలుపుతున్నవ్‌రా?" అని దుకాణంలో నలుగురి ముందు అడిగేశాడు. ఆదివారంలోగా బండి బాగుపడకపోతే తాళం ఇచ్చి పొమ్మన్నాడు. ఈ పని పోతే ఇంకో పని చూసుకోవచ్చు, దొంగ డ్రైవరన్న పేరు పడ్డాక సిద్దిపేటలో నా చేతికి తాళం ఇచ్చేదెవరు? ఆ నాలుగు రోజులూ మెకానిక్ షెడ్డు వదల్లేదు.

మెకానిక్ ఉస్తాదు ప్లగ్గులు తుడిచాడు, కార్బురేటరు విప్పి ఊదాడు, పెట్రోలు పంపు కూడా మార్చాడు. ఊహూఁ! శనివారం పొద్దున సేటును వెనక సీట్లో కూర్చోబెట్టి, నన్ను నడపమని, తాను పక్కన కూర్చున్నాడు. బండి దగ్గి ఆగగానే బానెట్ జోలికి పోకుండా వెనక్కి వెళ్లి టాంకీ మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది. వెంటనే తాళం తిప్పితే ఇంజను హాయిగా పలికింది. "మూతకు సన్న బొక్క ఉంటది సేటూ, గది బందయింది. లోపలికి గాలి పోతలేదు, పెట్రోలు బయటికి వస్తలేదు" అంటూ గోరుతో గీకితే ఎండిన పసుపు రాలింది.

ఆ పసుపు ఎవరిదో నాకు తెలుసు. దసరానాడు బండి పూజలో, బానెట్‌కు అందరూ బొట్టు పెడతారు గానీ అది తాగే నోటికి ఎవరూ పెట్టరని, మా ఆవిడ పసుపులో బియ్యప్పిండి కలిపి మూతకు దట్టంగా పూసింది. మాకు అన్నం పెట్టే బండి అని ఆమెకు అంత ప్రేమ. సిగ్గుపడుతూనే ఆ మాట చెప్పేశాను. సేటు మూతకేసి చూసి, "నాదే తప్పైంది బిడ్డా" అన్నాడు. దుకాణానికి వచ్చాక అదే మాట ఆ నలుగురి ముందూ అన్నాడు. అప్పుడు మాత్రం నాకు ఏడుపాగలేదు. మరుసటి దసరాకు తొలి బొట్టు మా ఆవిడ చేతే పెట్టించాడు, మూత వైపు మాత్రం పోనివ్వలేదు.

ఇప్పుడు ఏ డ్రైవరునూ అనుమానించే పని లేకుండా తెరే అంతా చెప్పేస్తోంది, మంచిదే. మొన్న షెడ్డు నుంచి ఇంటికి రాగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "మూత చూసిండా?" అని. పకపకా నవ్వి, ఆమెను తీసుకెళ్లి చూపించాను. ఈ కారులో మూతకు పైన ఒక తలుపు, ఆ తలుపు తెరవడానికి లోపల ఎక్కడో మీట. ఆమె చేయి ఆ తలుపును ఒకసారి తడిమి, మూత అందక వెనక్కి వచ్చేసింది.