నీళ్ల మీద హద్దు

తొంభైల్లో నేను ఆత్మకూరులో సైన్సు మాస్టర్ని. డ్యాములో మా సొంతూరు మునిగాక మా నాయన ఆ నీళ్లలోనే చేపలు పట్టి బతికేవాడు. కాగితం మీద గీసిన ఏ గీతనూ నమ్మేవాడు కాదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆయనకు పత్రికలో ఒక వ్యాసం చదివి వినిపించాను. ఏదో దేశంలో తిమింగలాలనూ డాల్ఫిన్లనూ కాపాడటానికి సముద్రంలో హద్దు గీశారట. మొదట వాటి వేట ఆపారు. కొన్నేళ్లకు పడవలు దూరంగా ఉండాలన్నారు. ఆ తర్వాత వలలూ వద్దన్నారు.

వల బాగుచేస్తున్న నాయన చెయ్యి ఆపి అనుమానంగా చూశాడు.

"ఎన్ని ఊళ్లు మునుగుతాయంట?"

నాకు చిరాకేసింది. "అది సముద్రం నాయనా. అక్కడ ఊళ్లెందుకు మునుగుతాయి?"

"మునిగేది ఊరే కానక్కర్లేదురా. మనకాడా ఇట్టనే, ముందు కొలిచినారు, తర్వాత రాళ్లు నాటినారు, ఆనక పొమ్మన్నారు. వలలు వద్దన్నారే, ఆ వలలోళ్లు ఏమైనారో అందులో రాసుండాదా?"

ఎందుకు రాయరని విసురుగా పేజీ తిప్పాను. తిమింగలం పొడవు రాశారు, బరువు రాశారు, దాని పిల్ల ఎన్ని నెలలు పాలు తాగుతుందో కూడా రాశారు. వ్యాసం అంతటితో అయిపోయింది.