సేటు ముందు తెరుచుకోని డిజైన్లు

2023 వానాకాలం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం ముగించి నేను సిరిసిల్లలో స్థిరపడి అప్పటికి చాలా ఏళ్లయింది. సర్వీసులో ఉన్నప్పుడు ప్రతి ఫాల్టునూ డైరీలో రాసుకునేవాణ్ణి. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు, ఫాల్టులూ నన్ను వదల్లేదు. మా వీధిలో ఎవరి ఇంట్లో వైఫై రాకపోయినా నా తలుపే తడతారు. అలా వచ్చిన వాటిలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రజిత ఇంటి సర్వర్.

రజిత జకార్డ్ డిజైనర్. చీర అంచు మీద పువ్వు రావాలంటే మగ్గం ఏ పోగును ఎప్పుడు ఎత్తాలో కంప్యూటర్‌లో గళ్లు గళ్లుగా గీసి పెట్టడం ఆమె పని. భర్త శ్రీనివాస్ మహారాష్ట్రలోని భీవండిలో ఒక పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాడు. ఆమె డిజైన్లను అక్కడి బట్టల సేటు ఒకాయనకు చూపించి ఆర్డరు తెచ్చుకోవాలి, మగ్గాలు కిరాయికి తీసుకొని సొంత ఊళ్లోనే నేసుకోవాలి అన్నది ఇద్దరి ఆశ.

వాట్సాప్‌లో పంపిస్తే సరిపోతుంది కదా అని అడిగాను.

"పంపితే గంతే సారూ! పొద్దుగూకెటాళ్లకు పక్క షెడ్డుల నేస్తరు. డిజైను మా ఇంట్లనే ఉంటె సేటు మా ఆయన ఫోన్ల సూడాలె, మల్ల మూసెయ్యాలె," అన్నది.

అందుకే ఇంట్లో ఒక చిన్న సర్వర్ పెట్టుకుంది. అడిగినవారికి అడిగింది తీసి చూపించే పెట్టె అది. దాని పక్కనే రౌటర్, అంటే బయటి ఇంటర్నెట్‌ను ఇంట్లోకి పంచే యంత్రం. భీవండి నుంచి శ్రీనివాస్ లింకు నొక్కితే ఇక్కడి పెట్టెలోని డిజైన్లు అతని ఫోన్లో కనిపించాలి.

"నెల పొడుగూత తెరుసుకుంటది సారూ. సేటు ముందటికి పోయిన్నాడే తెరుసుకోదు. రెండుసార్లు ఇజ్జత్ పోయింది. మల్లొక్కసారి గిట్లనే అయితే ఇగ నా దుకాణం మెట్లెక్కకు అన్నడట."

"దిష్టి," అన్నది వంటింట్లోంచి ఆమె అత్త లచ్చవ్వ. "నిమ్మకాయ కట్టుమంటె ఇనదు."

ఇలాంటి కేసులో మొదట చేసేది ఒకటుంది. ఇంటి వైఫై మీదే ఉండి పరీక్షిస్తే ఏమీ తేలదు. ఇంట్లో నిలబడి మన తలుపు మనమే తట్టినట్టు. నా ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద లింకు నొక్కాను. తెరుచుకుంది. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చూశాను. బయటి నుంచి వచ్చినవారిని ఏ గదికి పంపాలో రౌటర్‌కు చెప్పిపెట్టడమే అది. సరిగ్గానే ఉంది. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు చాలా ఇళ్లకు కలిపి ఒకే బయటి నంబరు, అంటే ఇంటర్నెట్‌లో ఒకే చిరునామా, ఇస్తాయి. అప్పుడు బయటివారికి మన ఇల్లు దొరకదు. ఇక్కడ ఆ చిక్కూ లేదు.

తరువాతి రోజుల్లో మా ఇంటి నుంచి, బస్టాండు నుంచి, ఒకసారి కరీంనగర్ వెళ్లినప్పుడు అక్కడి నుంచి ప్రయత్నించాను. ఎప్పుడు నొక్కినా డిజైన్లు చక్కగా వచ్చాయి. తెగిన వైరును పట్టుకోవచ్చు. మనం చూసేటప్పుడు బాగుండే లైనును పట్టుకోవడమే కష్టం.

అప్పుడు మరోలా అడిగాను. "పనిచెయ్యనప్పుడు మళ్లీ ఎట్ల బాగవుతున్నది?"

"కేబులాయనకు ఫోన్ జేస్త. తెల్లారి వచ్చి ఏందో సూసి, ఇగ గీ లింకు వాడున్రి అని కొత్తది ఇచ్చి పోతడు."

కొంత అర్థమైంది. ఇంటి కనెక్షన్‌కు కంపెనీ ఇచ్చే బయటి నంబరు శాశ్వతం కాదు. రౌటర్ ఆగి మళ్లీ లేస్తే నంబరు మారవచ్చు. శ్రీనివాస్ ఫోన్లోని లింకులో ఉన్నది పాత నంబరు. అయితే రౌటర్ ఆగుతున్నదెందుకు? కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది.

"ఎవరన్నా ఆపుతున్నారా?"

"ఎవరు ముడుతరు సారూ? నేను ఇంట్లనే ఉంట గద."

"సరే. శ్రీనివాస్ సేటు దగ్గరికి ఏ రోజు పోతాడు?"

"మగ్గం బందున్ననాడు. అమాసనాడు."

పాత నేతగాళ్ల ఇళ్లలో అమావాస్యకు మగ్గానికి సెలవు. భీవండిలో ఆ షెడ్డు నిండా మనవైపు వాళ్లే కావడంతో అక్కడా ఆ కట్టుబాటు నడుస్తున్నది. శ్రీనివాస్‌కు తీరిక దొరికేది ఆ ఒక్కరోజే. అది బాగానే ఉంది. కానీ అమావాస్యకూ రౌటర్‌కూ ఏమిటి సంబంధం? ఎంత ఆలోచించినా తట్టలేదు. వచ్చే అమావాస్యకు పొద్దున్నే వచ్చి ఆ పెట్టె ముందే కూర్చుంటానని చెప్పాను. సేటు ఇచ్చిన చివరి అవకాశం కూడా ఆ రోజే.

అమావాస్య ఉదయం నేను వెళ్లేసరికి రజిత స్నానానికి వెళ్లింది. మొబైల్ డేటా మీద నొక్కి చూశాను. తెరుచుకుంది. కాసేపటికి లచ్చవ్వ పళ్లెంలో పసుపు, కుంకుమ, ఊదుబత్తీలు పట్టుకొని వచ్చింది. మూలన ఉన్న పాత మగ్గానికి బొట్టు పెట్టింది. తరువాత సర్వర్ దగ్గరికి వచ్చి, గోడ మీది స్విచ్ టక్కున ఆపింది. లైట్లన్నీ ఆరిపోయాయి. పెట్టెనూ రౌటర్‌నూ కొంగుతో తుడిచి, రెంటికీ బొట్టు పెట్టసాగింది.

"చెల్లే, గదేంది?"

"ఏంది అంటవేందన్నా? మగ్గానికి సెలవిచ్చి దీనికియ్యకుంటె పాపం గాదా? ఇది గూడ అన్నం పెట్టేదే గద. నడిసేదానికి బొట్టు పెట్టొద్దు, అందుకని జరసేపు ఆపుత."

ఊదుబత్తి తిప్పి, దండం పెట్టి, స్విచ్ వేసింది. లైట్లు వెలిగాయి. పాత లింకు నొక్కాను. రాలేదు. రౌటర్‌లో చూస్తే నంబరు మారింది.

రజిత తల తుడుచుకుంటూ వచ్చి విషయం విన్నది. "అత్తమ్మా! నెలనెలా గీ పని నీదేనా?"

"ఏం జేసిన్నే? బొట్టు పెట్టిన. దొంగతనం జేసిన్నా?"

"సారూ, మీరన్న చెప్పున్రి, ఇగ దాన్ని ముట్టొద్దని."

అంతలో శ్రీనివాస్ ఫోన్ చేశాడు. "సేటు దుకాణం ముంగట్నే ఉన్న సారూ. తెరుసుకుంటలేదు. లోపటికి పోవాల్నా, వాపస్ పోవాల్నా?"

"జర ఆగు. నేను చెప్పేదాక పోకు."

కొత్త నంబరు చెప్పేస్తే ఆ పూటకు గడిచిపోయేది. వచ్చే అమావాస్యకు మళ్లీ ఇదే కథ. దీనికి డైనమిక్ డిఎన్ఎస్ అని ఒక ఏర్పాటుంది. నంబరుకు బదులు ఇంటికి ఒక పేరు పెట్టుకుంటాం. నంబరు మారినప్పుడల్లా రౌటరే ఆ పేరు కింద కొత్త నంబరు రాయించుకుంటుంది. బయటివారికి పేరు తెలిస్తే చాలు. రజిత చెప్పిన పేరుతో నమోదు చేసి, రౌటర్‌లో నింపాను. తెరుచుకుంది. కానీ నంబరు మారినా తెరుచుకుంటుందా అన్న పరీక్ష ఇంకా కాలేదు.

"చెల్లే, ఇంకొక్కసారి ఆపి, వెయ్యి."

"ఒక్క పూజకు రెండుసార్లు ఆపుతరా అన్నా?" అన్నది. అయినా ఆపింది, వేసింది. నంబరు మళ్లీ మారింది. కొంచెంసేపు ఆగి పేరు నొక్కాను. నా ఫోన్లో డిజైన్లు వరుసగా వచ్చాయి.

"ఇగ పో," అన్నాను శ్రీనివాస్‌తో, పేరు పంపించి.

లచ్చవ్వ చాయ్ పెట్టింది; చల్లారిపోయింది. చివరికి ఫోన్ మోగింది.

"సేటు ముందుగాల డిజైన్ల దిక్కు సూడనేలే," అన్నాడు శ్రీనివాస్. "తెరుసుకుందా అని నవ్విండు. గప్పుడు సూసిండు. చిన్న మొగ్గల అంచు కావాల్నట. మొదలు నమూనా నేసి పట్కరమ్మన్నడు."

"గా మొగ్గలదా? నేను నెమలిది తీసుకుంటడనుకున్న!" అని రజిత నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నమూనా సేటుకు నచ్చింది. చలికాలంలో శ్రీనివాస్ ఊరికి వచ్చేశాడు. రెండు మగ్గాలు కిరాయికి పట్టాడు.

సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను ఫాల్టు ఎక్కడుంది అనే వెతికేవాణ్ణి. ఆ ఇంట్లో వాళ్లు ఏ రోజు ఏం చేస్తారు అని ఎప్పుడూ అడగలేదు. లచ్చవ్వను ఆ పెట్టె ముట్టుకోవద్దని చెప్పి వచ్చేయడం నాకు చిటికెలో పని. కానీ ఇంట్లో మనుషులు తమ పద్ధతి మానుకుంటేనే నడిచే యంత్రాన్ని బాగుచేశానని ఎలా చెప్పుకోను?