రెండో భుజం

మా అబ్బాయి సైకిల్ మీదినుంచి పడి మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకొస్తే, డాక్టరు కంప్యూటర్లో ఎక్స్‌రే తెరిచి, అది ఎంత పొట్టిదైందో తేల్చడానికి రెండో వైపు ఎముకను కూడా కొలుస్తూ, "ఇది ఎప్పుడూ విరగలేదు కదా?" అని అడిగాడు. ఇదే ప్రశ్నను చిన్నప్పుడు ఒకసారి విన్నాను, ఇలాంటి కట్టుగుడ్డల వాసన మధ్యే.

లాల్‌దర్వాజాలో మా అమ్మమ్మ ఇల్లు. ఆషాఢం వస్తే చాలు, గడపలకు పసుపు, గుమ్మాలకు వేపమండలు, వానకు తడిసిన గల్లీలో ఎక్కడినుంచో డప్పు చప్పుడు, సర్వపిండి కాలుతుంటే నువ్వుల వాసన, మధ్యలో అమ్మమ్మ కుట్టుమిషను టకటకలు. వాడకట్టు ఆడవాళ్లందరూ బోనాలకు జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవాళ్లు. పిల్లలం అరుగు మీద గవ్వలతో పచ్చీసు ఆడుతూ కొట్లాడుకునేవాళ్లం. ఆ యేడు వానలకు ముందే చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, కుడివైపు మెడ దగ్గరి ఎముక విరిగి, చెయ్యి మెడకు వేలాడేసుకుని పుట్టింటికి వచ్చింది. "బాత్రూంల జారిపడ్డది" అని చిన్నాయనే చెప్పాడు, భార్యను ఆటోలోంచి పదిలంగా దించుతూ.

చిన్నాయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషని వాడంతా పేరు. రోజూ సాయంత్రం వేడి జిలేబీల పొట్లంతో వచ్చేవాడు, ఎన్నడూ గొంతు పెంచేవాడు కాదు, "బోనాలైనంక తోల్కపోతా అత్తా" అనడం మాత్రం మరిచేవాడు కాదు. ఆయన చెప్పుల చప్పుడు మలుపులో వినపడగానే చిన్నమ్మ నవ్వు సగంలో ఆగిపోయేది, గవ్వలు చేతిలోనే ఉండిపోయేవి. ఎందుకో నాకు తెలిసేది కాదు. జిలేబీ మాత్రం తినేదాన్ని, అబద్ధమెందుకు!

కట్టు విప్పే రోజు ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి చిన్నాయన, అమ్మమ్మ ఆమెను తీసుకెళ్లారు, నేనూ తోకలా వెంటపడ్డాను. విరిగిన ఎముక పొట్టిగా అతుక్కుంటే భుజం లోపలికి ఒదిగిపోతుందట, ఇక బరువు మోయదట. పరాయి ఆడమనిషని పహిల్వాన్ పైట మీదినుంచే దారం పట్టి, గొంతు గుంత నుంచి భుజం కొసదాకా ముందు కుడివైపు కొలిచాడు, తర్వాత ఎడమవైపు.

"ఈ దిక్కుది ఎప్పుడన్న ఇరిగిందా మా?" అని అడిగాడు.

చిన్నమ్మ చిన్నాయన ముఖంలోకి చూసి, "లేదు" అంది.

"ఐతే రెండు బరాబర్ ఉన్నయి. ఫికర్ నక్కో, రంది పడకుండ్రి."

అమ్మమ్మ అక్కడికక్కడే అమ్మవారికి దండం పెట్టుకుంది.

బోనాల పొద్దున చిన్నాయన తెల్లని చొక్కా వేసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లోపల, చిన్నమ్మ చెయ్యి ఇంకా పైకి లేవదని, పెండ్లికి ముందు తాను కుట్టిన జాకెట్‌ను అమ్మమ్మే తొడిగించింది. హుక్కులు పెట్టగానే జాకెట్ భుజాలు జారాయి. "సన్నబడ్డవు బిడ్డా" అంటూ కుడివైపు సర్దింది, ఎడమవైపు సర్దబోయి ఆగింది. రెండూ ఒకేలా జారుతున్నాయి. ఎడమవైపు మెడ దగ్గరి ఎముక మీద వేలు పెట్టి మెల్లగా జరిపింది. మధ్యలో గట్టిపడ్డ బొడిపె ఉంది. రెండూ విరిగి పొట్టిగా అతుక్కున్నవే కాబట్టి పహిల్వాన్ దారం రెండింటికీ సరిపోయింది.

"గిదెప్పుడు ఇరిగె?"

"పోయినేడు," అంది చిన్నమ్మ. "గదే బాత్రూంల."

అమ్మమ్మ బయటికి వచ్చి, "నా బిడ్డ రాదు అల్లుడా" అంది. ఆయన నవ్వు చెరగలేదు. "దాన్నే అడుగుండ్రి అత్తా" అన్నాడు మెత్తగా, తలుపు వైపు చూస్తూ. ఆ మెత్తదనానికి చిన్నమ్మ పోతానంటుందనే అనుకున్నాను.

"నేను రాను," అంది చిన్నమ్మ తలుపు చాటునుంచి. జిలేబీ పొట్లం అరుగు మీద పెట్టి ఆయన వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ అరుగు రోడ్డు వెడల్పులో పోయింది, పహిల్వాన్ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, బోనాలకు అందరివీ రెడీమేడ్ జాకెట్లే. చిన్నమ్మ మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ పచ్చీసులో తొండి చేస్తుంది. ఆ బోనాల మరుసటి ఏడే చిన్నాయన కార్వాన్ వైపు పిల్లను పెండ్లి చేసుకున్నాడని తెలిసి, పీడ విరగడైందని అమ్మమ్మ కొబ్బరికాయ కొట్టింది, మేమంతా ప్రసాదం తిన్నాం. ఆ పిల్ల పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.