కొండ ఎక్కనన్న వ్యాను

మా కొండ ఊరు మే చేమ్‌లో ఇన్‌కేవ్‌ అన్నకు కోపం వచ్చిందంటే ఎవరూ నమ్మరు. కోళ్లబుట్టలు, క్యాబేజీ మూటలు, బడిపిల్లలు, అలిగి పుట్టింటికి పోయే ఆడవాళ్లు, ఎవరెక్కినా ఆ పాత డీజిల్‌ వ్యానులో నవ్వుతూ కొండ దాటించేవాడు. భార్య బువాతోంగ్‌కు కిడ్నీలు చెడిపోయాక మాత్రం వ్యానుకు ఒకటే పెద్ద పని. రక్తం శుభ్రం చేయించడానికి ఆమెను వారానికి రెండుసార్లు కొండ అవతలి ఆసుపత్రికి చేర్చాలి. ఒక్కసారి తప్పినా ఒళ్లంతా ఉబ్బి ఊపిరాడక కొట్టుకునేది.

సరిగ్గా అప్పుడే వ్యాను నడికొండ మీద ఆగిపోవడం మొదలుపెట్టింది.

మెకానిక్‌ని నేనే. డీజిల్‌ ఫిల్టర్‌ విప్పితే అడుగున నీళ్లు!

"మార్కెట్లో పీపాల డీజిల్‌ కొంటే ఇంతే అన్నా! ఇకనుంచి బంకులో కొట్టించు," అని కేకలేశాను.

"అలాగేలేరా తావీ, అరవకు," అన్నాడు.

బంకులోనే కొట్టించాడు. మళ్లీ ఆగింది. పంపు మార్చాను. గొట్టాల్లో గాలి చొరబడుతోందేమోనని అంగుళం అంగుళం తడిమాను. షెడ్డులో బుద్ధిగా తిరిగే ఇంజను కొండ ఎక్కగానే దగ్గి చచ్చేది. కాసేపు ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఒకరోజు మలుపు దగ్గర ఆగినది ఇక కదలనేలేదు. బువాతోంగ్‌ను క్యాబేజీ లారీ ఎక్కించి, బస్తాల మీద పడుకోబెట్టి తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని నర్సు తిట్టిందట. మర్నాడు ఇన్‌కేవ్‌ అన్న వ్యాన్ని షెడ్డుకు లాగించుకొచ్చి, మట్టిలో కూలబడి ఏడ్చాడు. బువాతోంగ్‌ బల్ల మీద కూర్చుని నేలచూపులు చూస్తోంది.

"ఏడిస్తే ఎక్కుతుందా కొండ? లే!" అని కసిరాను.

వ్యాను ట్యాంకుతో పని లేకుండా, సీటు పక్కన డబ్బాలో శుభ్రమైన డీజిల్‌ పెట్టి, గొట్టం నేరుగా పంపుకు తగిలించి కొండెక్కించాను. ఒక్క దగ్గు లేకుండా శిఖరం దాకా ఎక్కింది! అంటే రోగం ట్యాంకులోనే ఉందన్నమాట.

తిరిగొచ్చి ట్యాంకు దించి పెద్ద బేసిన్‌లో వంచాను. డీజిల్‌ కింద తేటగా నీళ్లు, ఒకటా రెండా, సీసాలకు సీసాలు! డీజిల్‌ పీల్చే గొట్టం మూతిజల్లెడకు నల్లబడ్డ మల్లెరేకులు, పసుపుపచ్చని కొవ్వొత్తి మైనం ముక్కలు అతుక్కుని ఉన్నాయి. అవేమిటో మా ఊళ్లో పసిపిల్లాడైనా చెబుతాడు. గుళ్లో భిక్షువులు మంత్రించి, కొవ్వొత్తి చుక్కలు రాల్చి, సీసాల్లో ఇచ్చే నీళ్లు.

"ఓరి దేవుడా! ఎవడు పోశాడురా ఇవి?" అన్నాను.

బువాతోంగ్‌ లేచి నిలబడింది.

"నేనే తమ్ముడూ. తాగమని గుళ్లో ఇస్తారు. నన్నేమో డాక్టరు గుక్కలు లెక్కపెట్టి తాగమన్నాడు. పారబోస్తే పాపం కదా? నన్ను మోసేది ఈ వ్యానేగా, దాని కడుపులో పడితే చల్లగా ఉంటుందనుకున్నా. ఆగిపోయినకొద్దీ ఇంకా పోశాను."

"నీకేమైనా మతి ఉందా వదినా? నీ ప్రాణం నువ్వే..." అని మొదలుపెట్టాను. అప్పుడు ఆమె మొహం చూశాను. ఆమె పెదాలు దాహంతో పగిలి, చీలికల్లో రక్తం గడ్డకట్టి ఉంది.

ఇన్‌కేవ్‌ అన్న బేసిన్‌ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు.

"అన్ని సీసాలు మోసుకొచ్చావే, ఒక్క గుక్కయినా తాగావా?"

"లేదు. మొత్తం దానికే పోశాను," అంది బువాతోంగ్‌.